సితార్ మీద మాత్రమే ముడుచుకునే వేలు

నా కుడిచేతి చూపుడువేలు ఇప్పుడు నా మాట వింటోంది. ప్రతిసారీ కాదు, పదిసార్లలో ఎనిమిదిసార్లు. మిగతా రెండుసార్లు వినకపోతే వినకపోనీ అని ఊరుకుంటాను. అలా ఊరుకోవడం నేర్చుకోవడానికి నాకు నాలుగైదేళ్ళు పట్టింది. ఆ సంగతంతా రాసి పెట్టమని మా ఆయన ఎన్నిసార్లో అన్నారు. నేను రాయలేదు. అసలు చెప్పుకోవడానికి అదొక జబ్బా అని చిరాకు. టైఫాయిడ్ వచ్చిందంటే నలుగురు పలకరించడానికి వస్తారు, బత్తాయిలు తెస్తారు. సితార్ పట్టుకున్నప్పుడు మాత్రమే వేలు ముడుచుకుపోతుందంటే ఎవరు తెస్తారు బత్తాయిలు?

పోయిన నెల మా బడిలో చదివే ఒక అమ్మాయి తండ్రి వచ్చి, సితార్ నేర్చుకుంటున్న తన కూతురు చెయ్యి గుంజుతోందని ఏడుస్తోందనీ, అది బద్ధకమని తాను రెండు దెబ్బలు కూడా వేశాననీ చెప్పాడు. ఆయన చెప్పింది విన్నాక ఇంటికొచ్చి కాగితాలు తీశాను.

1959, వానాకాలం

మా ఆయనకు జహీరాబాద్ హైస్కూలుకు బదిలీ అయి మేం ఈ ఊరికి వచ్చాం. ఆయన లెక్కల మాస్టరు. రాయికోడ్ నుంచి మా అత్తమ్మ కూడా మాతోనే వచ్చింది. స్టేషను రోడ్డుకు ఆనుకున్న గల్లీలో ఇల్లు. పక్కింట్లో జైనబ్ ఉండేది, అక్క అన్నట్టు అందరం ఆపా అనేవాళ్ళం. ఆమె భర్తకు బజారులో దర్జీ దుకాణం. ఆపా ఇంట్లోనే మిషను పెట్టుకుని బొంతలు, దిండు గలీబులు కుట్టేది.

పెళ్ళికి ముందు హైదరాబాదులో నేను కొంత సితార్ నేర్చుకున్నాను. అది తెలిసి ఆడపిల్లల బడిలో సంగీతం టీచరుగా తీసుకున్నారు, కాని తాత్కాలికంగా. రెండేళ్ళలో సంగీతం డిప్లొమా పాసయితేనే ఉద్యోగం నిలుస్తుందని ఇన్‌స్పెక్టరమ్మ స్పష్టంగా చెప్పింది. నాకు ఆ ఉద్యోగం కావాలి. ఇంట్లో నుంచి బయటికి నడిచి వెళ్ళి, నా పేరుతో పిలిపించుకునే చోటు నాకు అదొక్కటే.

పాఠం చెప్పడానికి దేశ్‌పాండే గురూజీ దొరికారు. గుల్బర్గాలో పనిచేసి రిటైరై, కూతురు దగ్గర ఉండడానికి ఈ ఊరొచ్చిన మరాఠీ ఆయన. అరవై దాటిన మనిషి, మడత నలగని కోటు, నవ్వని ముఖం. ఆయన పద్ధతి ఒక్కటే. తప్పు వస్తే మళ్ళీ మొదటినుంచి. చివరి పలుకు దగ్గర తప్పినా మొదటినుంచే. రోజుకు నాలుగు గంటలు సాధన చెయ్యాలన్నారు. ఆయన మాత్రం మా ముందు ఎప్పుడూ సితార్ ముట్టలేదు, గొంతుతో పాడి చూపించేవారు. మాలాంటి వాళ్ళ ముందు వాయించడం ఆయనకు నామోషీ అనుకున్నాను.

నాకు చిన్నప్పటినుంచీ మొండితనం ఎక్కువ. ఆయన నాలుగు గంటలంటే నేను అయిదు గంటలు కూర్చునేదాన్ని. పొద్దున రొట్టెలు చేసే ముందు కొంత, బడి నుంచి వచ్చాక కొంత. వెన్ను కర్రలాగా నిలబెట్టి, పళ్ళు బిగబట్టి వాయించేదాన్ని. లేచేసరికి దవడలు నొప్పి పుట్టేవి. సితార్ వాయిస్తే దవడలు ఎందుకు నొప్పి పుట్టాలి అన్న ప్రశ్న నాకు రాలేదు. అది శ్రద్ధకు గుర్తు అనుకుని గర్వపడ్డాను కూడా. మా అత్తమ్మ వంటింట్లోంచి తొంగి చూసి, వాయించేటప్పుడు నా ముఖం ఎవరితోనో కొట్లాడుతున్నట్టు ఉంటుందని అనేది. నాకు కోపం వచ్చేది. సంగీతం గురించి ఆమెకేం తెలుసు అనుకునేదాన్ని.

సితార్ తీగను మీటడానికి చూపుడువేలికి మిజ్రాబ్ అనే తీగ తొడుగు పెట్టుకుంటాం. వేలు లోపలికి వస్తే 'దా' అని పలుకుతుంది, బయటికి వెళ్తే 'రా' అని. ఆ వానాకాలంలో ఒకరోజు పొద్దున, 'దా' కొట్టి లోపలికి వెళ్ళిన వేలు 'రా' కొట్టడానికి తిరిగి రాలేదు. అరచేతి వైపు ముడుచుకుని అక్కడే ఉండిపోయింది. మిజ్రాబ్ బిగుతుగా ఉందనుకుని మార్చాను. మార్చినా అంతే. నొప్పి లేదు, తిమ్మిరి లేదు, వాపు లేదు. నేను పొమ్మంటాను, అది పోదు.

గురూజీకి చెప్పాను. ఆయన ముఖం ఒక్క క్షణం ఎలాగో అయింది. తర్వాత కిటికీ వైపు చూస్తూ, "సాధన తక్కువైంది. ఇంకో గంట పెంచు" అన్నారు. పెంచాను. పదిహేను రోజుల్లో ఆ వేలితో పాటు పక్కవేలు కూడా ముడుచుకోవడం మొదలుపెట్టింది.

1960, ఎండాకాలం

ఈ జబ్బులో నన్ను అన్నిటికన్నా విసిగించిన సంగతి, అది సితార్ మీద తప్ప ఇంకెక్కడా కనిపించకపోవడం. అదే చేత్తో జొన్నరొట్టెలు తట్టేదాన్ని, సూదిలో దారం ఎక్కించేదాన్ని, బావిలో చేద వేసి తోడేదాన్ని. సితార్ ఒళ్ళోకి తీసుకోగానే వేలు ముడుచుకునేది. చూసినవాళ్ళు ఏమనుకుంటారు? దొంగ నొప్పి అనుకుంటారు. అనుకున్నారు కూడా.

ఊళ్ళో దవాఖానకు మూడుసార్లు వెళ్ళాను. వరండాలో నేల మీద కూర్చుని గంటల తరబడి కాచుకోవాలి. ఒక పక్క జ్వరంతో మూలుగుతున్న ముసలాయన, ఇంకో పక్క న్యాల్‌కల్ నుంచి బండి కట్టుకుని వచ్చిన బాలింత. ఆ బాలింత తల్లి నన్ను పలకరించి నీకేమైందని అడిగేది. నేను చెయ్యి చూపించి ఏదో గొణిగేదాన్ని. సితార్ వాయించడానికి రావడం లేదని వాళ్ళ మధ్య ఎట్లా చెప్పను? సిగ్గుతో చచ్చిపోయేదాన్ని. లోపలికి వెళ్తే డాక్టరు తన వేళ్ళు పట్టుకుని గట్టిగా పిసకమనేవాడు. పిసికేదాన్ని. బల్ల మీది గుండీ తియ్యమనేవాడు. తీసేదాన్ని. చెయ్యి భేషుగ్గా ఉందని కాంపౌండరుతో ఎర్ర టానిక్ ఇప్పించి పంపేవాడు. మూడు సీసాలు తాగాను. ఆకలి పెరిగింది, అంతే.

ఇక సలహాలు. పాత మెంతులు నానబెట్టి కట్టమన్నవాళ్ళు, ఆముదం కాచి రాయమన్నవాళ్ళు, చదువులతల్లికి కోపం వచ్చిందన్నవాళ్ళు, పెళ్ళయిన ఆడది సితార్ వాయిస్తే ఇలాగే అవుతుందని తేల్చేసినవాళ్ళు. నా మణికట్టుకు అత్తమ్మ కట్టిన నల్లదారం, బడిలో ఒక టీచరు ఇచ్చిన రాగి కడియం, ఆపా తెచ్చిన తాయెత్తు ఒకదాని మీద ఒకటి ఉండేవి. రొట్టె తట్టేటప్పుడు అన్నీ పిండిలో మునిగేవి. అత్తమ్మ ఝరాసంగం దేవుడికి మొక్కింది. ఎవరి మాటా కాదనే ఓపిక నాకు లేదు. అందరూ మంచికే చెప్పారు, అందుకే ఇంకా కోపం వచ్చేది.

మా ఆయన లెక్కల మనిషి. ఒకరోజు భోజనాల దగ్గర నెమ్మదిగా అన్నారు. "చెయ్యి రొట్టె చేస్తది, రాస్తది, కుడుతది. అంటే లోపం చేతుల లేదు సుశీలా."

"మరి ఎక్కడున్నది?" అన్నాను.

ఆయన చెంబు అందుకుని నీళ్ళు పోసుకున్నారు. అయినా నాకు జవాబు వినబడింది. నాదంతా నటన అంటున్నారనుకున్నాను. రెండురోజులు మాట్లాడలేదు. మూడోరోజు ఆయన నా సితార్‌ను గుడ్డతో తుడుస్తూ కనిపించారు. ఆయన తప్పుగా ఏమీ అనలేదని, భయపడ్డారని, భయాన్ని లెక్కలాగా చెప్పారని తర్వాత అర్థమైంది. అప్పుడు మాత్రం అటు చూడకుండా వంటింట్లోకి వెళ్ళిపోయాను.

దసరా సెలవులు అయిపోయి బడి తెరిచాక, తరగతిలో బోర్డు మీద స్వరాలు రాస్తున్నాను. 'స రి గ' దాకా వచ్చేసరికి చాక్‌పీసు పట్టుకున్న వేలు మెల్లగా లోపలికి ముడుచుకుంది. చాక్‌పీసు కింద పడింది. పిల్లలు తీసి ఇచ్చారు. మళ్ళీ పడింది. ఎడమచేత్తో పట్టుకుని మిగతాది నోటితో చెప్పాను. బెల్లు కొట్టి పిల్లలు వెళ్ళిపోయాక బెంచీ మీద కూర్చున్నాను. అప్పటిదాకా నాకు విసుగే తప్ప భయం లేదు. ఆరోజు భయమేసింది. రేపు రొట్టె దగ్గర ముడుచుకుంటే? బిడ్డ పుట్టాక ఎత్తుకునేటప్పుడు ముడుచుకుంటే?

1960, దసరా తర్వాత

ఆ సాయంత్రమే మా ఆయనతో మాట్లాడాను, చాక్‌పీసు సంగతి చెప్పాను. హైదరాబాదులో పెద్దాసుపత్రికి వెళ్ళాలని తేల్చాం. ఆయనకు సెలవు దొరకలేదు. జైనబ్ ఆపా తన చెల్లెల్ని చూడడానికి పట్నం పోతున్నానని, నన్ను తానే తీసుకుపోతానని ముందుకొచ్చింది. సితార్ కూడా పట్టుకుపోదామంది.

"దవాఖానకు సితార్ ఎందుకు ఆపా?" అన్నాను.

"నీ బీమారీ దాంట్లనే ఉన్నది గద. నువ్వు ఒక్కదానివే పోతే డాక్టర్‌కు ఏం కనబడ్తది?" అంది ఆపా.

మూడు దవాఖాన యాత్రల్లో నాకు తట్టని మాట అది. సితార్‌కు ఆపా దూది పెట్టి ఒక గలీబు కుట్టింది. రైల్లో వికారాబాద్ దాకా దాన్ని ఇద్దరం చెరో వైపు పట్టుకుని కూర్చున్నాం. లోపల ఎవరని, జబ్బు మనిషా అని ఒకామె అడిగింది. ఆపా తడుముకోకుండా అవునంది.

ఆసుపత్రిలో రెండో రోజుకు గాని మా వంతు రాలేదు. కాచుకునే హాలులో బల్లలన్నీ నిండిపోయి ఉన్నాయి. ఆపా తన శాలువ పరిచి నన్ను కూర్చోబెట్టి, తను సితార్‌ను పట్టుకుని నిలబడింది. డాక్టరు నడివయసు మనిషి, అలసిపోయి ఉన్నాడు. నా చెయ్యి చూసి, గుండీలు, సూదులు అన్నీ అయ్యాక, బాగానే ఉందమ్మా అనబోయాడు. ఆపా గలీబు విప్పింది. ఆయన ఒక నిమిషం చూసి, తలుపు దగ్గరగా వెయ్యమన్నాడు.

బల్ల జరిపించి నేల మీద కూర్చుని వాయించాను. నాలుగు పలుకులకే వేలు ముడుచుకుంది. తలుపు సందులోంచి హాల్లోవాళ్ళు చూస్తున్నారు. కట్టు కట్టిన కాలుతో ఒక ముసలామె ఆగిపోయావేమని, ఇంకొంచెం వాయించమని అడిగింది. నాకు ఏడవాలో నవ్వాలో తెలియలేదు. డాక్టరు మాత్రం కుర్చీ దిగి నా పక్కన గొంతుక్కూర్చున్నాడు. మళ్ళీ వాయించమన్నాడు. నా మోచెయ్యి కింద చెయ్యి పెట్టి చూశాడు, భుజం నొక్కి చూశాడు. ఇలాంటిదే తాను ఒక కోర్టు గుమాస్తా చేతిలో చూశానని, అతనికి కలం పట్టుకుంటేనే వేళ్ళు ముడుచుకునేవని చెప్పాడు.

"నేను నటిస్తలేను గద?" అని అడిగాను. ఆ మాట నా నోట్లోంచి వచ్చిందని తర్వాత తెలిసింది.

"ఎవరన్నారమ్మా నటన అని? ఇది జబ్బే. మీ చేతికి బలం తక్కువ కాలేదు, మీరు పెట్టే బలమే మరీ ఎక్కువైంది. ఆరు నెలలు దీన్ని ముట్టుకోవద్దు."

"తర్వాత తగ్గుతదా?"

"అది నాకు తెలియదు" అన్నాడాయన.

తెలియదని అంత సూటిగా చెప్పినవాణ్ణి ఆ ఏడాది పైగా కాలంలో నేను చూడలేదు. బయటికి వచ్చి బల్ల మీద కూర్చుని ఏడ్చాను. ఆపా సితార్‌కు గలీబు తొడిగి బొందులు కట్టింది.

1961

ఆరు నెలలు సితార్ గోడకు ఆనించి ఉంది. పరీక్షకు ఇంకో రెండేళ్ళ గడువు ఇమ్మని అర్జీ పెట్టుకున్నాను. ఇచ్చారు, మళ్ళీ మాత్రం ఇవ్వబోమన్నారు. బడిలో నోటితోనే పాఠాలు చెప్పాను. చాక్‌పీసును పిడికిలితో పట్టుకుని పెద్ద పెద్ద అక్షరాలు రాశాను. చేతికి ఆరాటం తగ్గిందేమో, బోర్డు దగ్గర వేలు ముడుచుకోవడం క్రమంగా ఆగింది. ఆ ఆరునెలల్లో నన్ను ఆశ్చర్యపరిచింది మా అత్తమ్మ. నా వాయింపు ఆమెకు గోల అని నేను ఎప్పుడూ అనుకునేదాన్ని. ఒకరోజు చింతపండు గింజలు తీస్తూ, "నువ్వు వాయించకుంటే ఇల్లు బోడగున్నదే బిడ్డా" అంది. ఆమె గింజలు తీసుకుంటూ ఉంది, నేను పక్కన కూర్చుని తీశాను.

ఆరు నెలలు నిండిన రోజున తలంటుకుని, దీపం పెట్టి, తలుపు వేసుకుని కూర్చున్నాను. ఎంత సేపు? రెండు నిమిషాలు. మళ్ళీ అదే వేలు, అలాగే ముడుచుకుంది. మిజ్రాబ్ పీకి కిటికీలోంచి బయటికి విసిరేశాను. అన్నాళ్ళు ఆగినందుకు నాకు దక్కింది ఇదా అని ఒళ్ళు మండిపోయింది. మిజ్రాబ్ వెళ్ళి ఆపా వాకిట్లో పడింది.

కొంచెం సేపటికి ఆపా మిజ్రాబ్ పట్టుకుని వచ్చింది. ఓదార్చలేదు. తన పని చెప్పింది. కూతురు కానుపుకు వస్తోంది, బిడ్డకు బొంత కుడుతోంది. చిన్నప్పుడు వాళ్ళమ్మ పాడిన జోలపాట సగమే గుర్తుంది, మిగతా సగం రాగం కట్టి చూపెట్టమంది. నా చెయ్యి పనిచెయ్యదని తెలియదా అన్నాను. మంచిగా వాయించమని ఎవరన్నారంది.

సితార్ ఎత్తుకుని ఆపా వాకిట్లోకి వెళ్ళాను. ఆమె మిషను తొక్కుతూ సగం పాట కూనిరాగం తీసింది, అదీ శ్రుతి లేకుండా. మిజ్రాబ్ పెట్టుకోకుండా ఉత్త బొటనవేలితో మీటుతూ ఆ స్వరాలు వెతికాను. ఇది కాదు అనేది ఆపా. ఇంకొకటి చూసేదాన్ని. అది కూడా కాదు. ఒకచోట నేను వాయించింది విని, ఇది జోల కాదు, పెళ్ళి బారాత్ బ్యాండు అని ఆమె నవ్వితే నేనూ నవ్వాను. మిజ్రాబ్ ఎప్పుడు తొడుక్కున్నానో తెలియదు. ఎండ గోడ మీదికి పాకాక చూసుకుంటే చూపుడువేలు లోపలికి వెళ్తోంది, బయటికి వస్తోంది. అది గమనించానో లేదో, టక్కున ముడుచుకుంది.

"ఏం చేసినవ్ ఇప్పుడు?" అంది ఆపా మిషను ఆపి.

"వేలును చూసిన."

"మరి చూడకు" అని ఆమె మళ్ళీ మిషను తొక్కసాగింది.

చెప్పినంత సులువు కాదు. చూడకూడదని అనుకోవడమే చూడడం. అయినా ఆరోజు నుంచి బడి వదిలాక ఆపా వాకిట్లో కూర్చోవడం మొదలుపెట్టాను. మిషను చప్పుడులో నా తప్పులు నాకే సరిగా వినబడేవి కావు. తప్పిన చోటు నుంచి ముందుకే వెళ్ళాను, వెనక్కి వెళ్ళలేదు. దవడ బిగుసుకుంటే సితార్ పక్కన పెట్టి ఆపాకు దారం అందించేదాన్ని. గోడ గడియారం చూడడం మానేశాను. ఇష్టమైన చిన్న చిన్న వరసలు వాయించాను. ఇష్టం లేనప్పుడు లేచి వెళ్ళిపోయాను. ఇది సాధన కాదు, కాలక్షేపం అని నాలోని మొండిది గోల పెడుతూనే ఉండేది. వారం రోజులు వేలు బాగుండేది. బాగయిందని సంతోషపడి వేగం పెంచేదాన్ని. ఎనిమిదోరోజు ముడుచుకునేది. ఎన్నిసార్లు ఇలా అయిందో లెక్కలేదు. బాగవుతున్న జబ్బు కూడా మనిషిని ఇంత విసిగిస్తుందని నాకు తెలియదు.

1962, చలికాలం

గురూజీ ఇంటికి వెళ్ళక ఏడాదిన్నర అయింది. ఒంట్లో బాగాలేదని కబురు పెట్టి తప్పించుకుంటూ వచ్చాను. ఒక సాయంత్రం ఆపా వాకిట్లో వాయిస్తుంటే గల్లీలో ఎవరో ఆగినట్టనిపించింది. తల ఎత్తితే గురూజీ, ఆ కోటుతో, చేతికర్రతో. నేను వాయిస్తున్నదేమో ఒక నాసిరకం వరస, వెన్ను గోడకు ఆనించి, కాళ్ళు చాపుకుని. గబుక్కున లేచాను. ఆపా కుర్చీ వేసింది. ఆయన కూర్చోలేదు. చెయ్యి ఎలా ఉందో వాయించి చూపించమన్నారు. నేను మామూలుగా యమన్ రాగం ఎత్తుకున్నాను. ఆయన ముందు కాబట్టి వేలు వెంటనే ముడుచుకుంది.

తిడతారని కాచుకున్నాను. ఆయన కర్ర గోడకు ఆనించి, తన కుడిచెయ్యి గాలిలో పెట్టి, లేని తీగను మీటినట్టు చేశారు. ఆయన చూపుడువేలు లోపలికి వెళ్ళి అక్కడే ఉండిపోయింది. నా వేలు ఎలా ముడుచుకుంటుందో సరిగ్గా అలాగే.

"ముప్ఫై ఏండ్లయింది" అన్నారాయన. "ఎవరికి చెప్పలే. మా ఇంటామెకు గూడ."

ఆయన మా ముందు సితార్ ఎందుకు ముట్టలేదో అప్పుడు తెలిసింది. జాలి కలగాలి. నాకు ముందు కోపమే వచ్చింది.

"మీకు ఎరుకే. నాకు మొదటిసారి ముడుచుకున్ననాడే మీకు ఎరుకైంది. ఇంకో గంట పెంచుమని ఎట్ల చెప్పిన్రు గురూజీ?"

ఆపా మిషను ఆపేసింది.

"నాది సోమరితనం అనుకున్న. నా గురువు గట్లనే చెప్పిండు. ఇంక జర గట్టిగ చేసుంటే చెయ్యి పోకపోతుండె అని ముప్ఫై ఏండ్ల నుంచి అనుకుంటున్న. నువ్వన్న గట్టిగ చేస్తే దాటిపోతవ్ అనుకున్న" అన్నారు. తర్వాత గొంతు తగ్గించి, "తప్పు చేసిన బిడ్డా" అన్నారు.

ఆయన నన్ను అంతకుముందు ఎప్పుడూ బిడ్డా అనలేదు. నా కోపం ఒక్కసారిగా పోయిందని చెప్తే అబద్ధం. అది చాలా రోజులు ఉంది. డాక్టరు చెప్పిన మాట ఆయనకు చెప్పాను, ఇది జబ్బేనని, బలం ఎక్కువై వచ్చిందని. ఆయన ఆ మాట రెండుసార్లు చెప్పించుకున్నారు. అప్పుడు కూర్చున్నారు. ఆపా చాయ్ ఇచ్చింది.

ఆ తర్వాత ఆయన అప్పుడప్పుడు ఆపా వాకిటికి వచ్చేవారు. నేను తప్పితే 'మొదటినుంచి' అని సగం అని నోరు మూసుకునేవారు. ఒకరోజు మిజ్రాబ్ అడిగారు. మధ్యవేలికి తొడుక్కుని చాలా నిదానంగా నాలుగు స్వరాలు పలికించారు. ముడుచుకునే వేలిని వదిలేసి వేరే వేలు వాడవచ్చని ఇన్నాళ్ళూ తట్టలేదా అని అడిగాను. అది తప్పు పద్ధతని ఆయన గురువు చెప్పాడట. నాకు మళ్ళీ ఒళ్ళు మండింది, ఈసారి ఎవరి మీదో తెలియలేదు.

1963

ఉన్న గడువులో చివరి పరీక్షకు హైదరాబాదు వెళ్ళాను. ముగ్గురు పరీక్షకులు. నిదానంగా వాయించే విలంబితం బాగానే సాగింది. వేగంగా వాయించే భాగంలోకి వెళ్ళగానే వేలు ముడుచుకుంది. పాత సుశీల అయితే పళ్ళు బిగబట్టి ఇంకా గట్టిగా కొట్టేది, చెయ్యంతా పోయేది. నేను ఆపేశాను. చెయ్యి విదిలించుకున్నాను. మంచినీళ్ళు కావాలని అడిగాను. ఒకాయన గడియారం చూసుకున్నాడు. నీళ్ళు తాగి, అడిగిన వేగానికి సగం వేగంతో మళ్ళీ ఎత్తుకున్నాను. ఆ సగం వేగంలో ఆ రాగం నాకు ఎంత బాగా తగిలిందంటే, కాసేపు పరీక్ష అన్న మాటే మరిచిపోయాను. వాళ్ళు చాలని రెండుసార్లు చెప్పాల్సి వచ్చింది.

మూడో తరగతిలో పాసయ్యాను. ఉద్యోగం నిలిచింది. మా ఆయన ఆ కాగితాన్ని తీసుకెళ్ళి అత్తమ్మకు, ఆపాకు చదివి వినిపించారు. మూడో తరగతి అన్న ముక్క మాత్రం ఎగరగొట్టారు.

జబ్బు పోలేదు. తొందరపడినా, ఎవరి మీదనైనా కోపంతో కూర్చున్నా అది వచ్చి కూర్చుంటుంది. ఇది చదివేవాళ్ళలో ఎవరికైనా చెయ్యి ఇలా మొరాయిస్తే, ముందు గట్టిగా వాయించమనే మాట వినకండి, అది ఎంత పెద్దవాళ్ళు చెప్పినా. నటిస్తున్నావా అనేవాళ్ళతో వాదించకండి. సితార్ మీకు మళ్ళీ ముచ్చటగా అనిపించే దాకా దాన్ని ఆటవస్తువుగానే చూడండి. నాకు ఇవన్నీ ఎవరూ చెప్పలేదు, నేను మూడు సీసాల ఎర్ర టానిక్ తాగాను.

1965లో మా బడి వార్షికోత్సవానికి గురూజీని పిలిచాను. రెండు మాటలు మాట్లాడి వెళ్తారనుకున్నాను. ఆయన చాప మీద కూర్చుని నా సితార్ ఇమ్మన్నారు. మిజ్రాబ్ మధ్యవేలికి కాదు, చూపుడువేలికే తొడుక్కున్నారు. పిల్లలంతా ఎదురుగా కూర్చున్నారు. యమన్‌లో మెల్లగా ఒక నిమిషం వాయించారేమో, వేలు ముడుచుకుంది. ఆయన సితార్ పక్కన పెట్టలేదు. చెయ్యి పైకెత్తి పిల్లలందరికీ చూపించారు.

"ఇది అప్పుడప్పుడు గిట్ల ముడుచుకుంటది. జర ఆగుదాం" అన్నారు.

పిల్లలు ఆగారు. ముందు వరసలో ఒక చిన్నది తన వేలు కూడా ముడిచి చూసుకుంది. గురూజీ చెయ్యి ఒళ్ళో పెట్టుకుని, కిటికీ బయట ఎండను చూస్తూ, ఏ తొందరా లేకుండా కూర్చున్నారు. తర్వాత మళ్ళీ ఎత్తుకున్నారు, ఆగిన చోటు నుంచే.